స్టార్ వార్సా, స్టార్ ట్రెక్కా? కొత్తగా చూసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ, గుంటూరుల్లో ఈ రెండింటినీ కొత్తగా మొదలుపెడదామనుకునేవాళ్ల కోసం ఇది రాశాం. ఇంజినీరింగ్ పిల్లలు, సెలవులకు హాస్టల్ నుంచి ఇంటికొచ్చిన ఇంటర్ విద్యార్థులు, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూద్దామనుకునే తల్లిదండ్రులు మళ్లీమళ్లీ అడిగే ప్రశ్నలివి. కథల్లోని అసలు రహస్యాలేవీ ఇందులో బయటపెట్టలేదు, నిశ్చింతగా చదవచ్చు.

రెండూ అంతరిక్షంలో ఓడల కథలేగా, తేడా ఏముంది?

ఓడలు రెండింట్లోనూ ఉన్నాయి. అవి బయల్దేరే పని వేరు.

స్టార్ వార్స్ ఒక కుటుంబం కథ. జార్జ్ లూకస్ తీసిన మొదటి సినిమా 1977 మే 25న, మనకు రోహిణి కార్తె మొదలయ్యే రోజుల్లో, అమెరికాలో విడుదలైంది. లోకాలన్నిటినీ గుప్పిట్లో పెట్టుకున్న సామ్రాజ్యం, దాని మీద తిరగబడ్డ కొద్దిమంది, ఫోర్స్ అనే శక్తిని సాధన చేసే జెడైలు, గురువు, శిష్యుడు, దారి తప్పిన శిష్యుడు. పురాణాలు వింటూ పెరిగినవాళ్లకు ఇందులో ఏదీ కొత్తగా అనిపించదు. లూకస్ కూడా దేశదేశాల పురాణకథల మీద జోసెఫ్ క్యాంప్‌బెల్ చేసిన పరిశీలనను చదివి, దాన్ని దగ్గర పెట్టుకునే కథ అల్లుకున్నాడు. పెద్దవాళ్ల యుద్ధాన్ని ఇద్దరు అల్పజీవుల కళ్లతో చూపించే పద్ధతి మాత్రం జపాన్ దర్శకుడు కురొసావా 1958లో తీసిన 'ది హిడెన్ ఫోర్ట్రెస్' నుంచి వచ్చింది. అక్కడి ఇద్దరు రైతులు ఇక్కడ రెండు రోబోలయ్యారు.

స్టార్ ట్రెక్ టీవీలో పుట్టింది. 1966 సెప్టెంబరు 8న ఎన్‌బీసీ చానెల్లో మొదలై, మూడు సీజన్లు, 79 ఎపిసోడ్లు నడిచి 1969లో ఆగిపోయింది. సృష్టికర్త జీన్ రాడెన్‌బెరీ. అందులో మనుషులు తమలో తాము కొట్టుకోవడం మానేసి, ఇతర గ్రహాలవాళ్లతో కలిసి ఫెడరేషన్ కట్టుకుంటారు. ఎంటర్‌ప్రైజ్ అనే ఓడ తెలియని లోకాలు చూడటానికి వెళుతుంది. వెళ్లినచోట ఏదో చిక్కు వస్తుంది. కెప్టెన్ తనవాళ్లను కూర్చోబెట్టి ఎవరేమంటారో వింటాడు, ఆ తర్వాతే నిర్ణయం. స్టార్ వార్స్ చూస్తున్నంతసేపూ ఎవరు గెలుస్తారా అని ఉంటుంది. ట్రెక్‌లో ఏది న్యాయమా అని ఉంటుంది.

స్టార్ వార్స్ ఏ వరసలో చూడాలి? నంబర్లు తికమకగా ఉన్నాయి.

విడుదలైన వరసలోనే చూడండి: 4, 5, 6, తర్వాత 1, 2, 3, ఆపైన 7, 8, 9. మొదట తీసినవి 4 (1977), 5 (1980), 6 (1983). వాటికి ముందు జరిగిన కథను 1999, 2002, 2005లలో తీసి 1, 2, 3 అన్నారు. 1977 సినిమాకు నాలుగో నంబరు కూడా మొదట్లో లేదు, 1981లో తిరిగి విడుదల చేసినప్పుడు తగిలించారు.

మొబైల్లో నంబరు చూసి 1తో మొదలుపెట్టడమే ఎక్కువమంది చేసే పొరపాటు. రెండు నష్టాలున్నాయి. ఐదో ఎపిసోడ్‌లో ఒక మాటతో కథ మొత్తం తిరగబడుతుంది. 1, 2, 3 ముందు చూస్తే ఆ మాట మీకు ముందే తెలిసిపోతుంది, ఆ దెబ్బ తగలదు. రెండోది, ఎపిసోడ్ 1 వాణిజ్య పన్నుల తగాదాతో మొదలవుతుంది. చాలామంది అక్కడే ఆపేసి 'ఇదేనా' అనుకుంటారు.

మచెటె ఆర్డర్ అని ఇంకో వరస ఉంది: 4, 5, 2, 3, 6. ఐదులో రహస్యం తెలిశాక వెనక్కి వెళ్లి అది ఎలా జరిగిందో చూసి, ముగింపుకు ఆరుకు వస్తారు. రెండోసారి చూసేవాళ్లకు ఇది బాగుంటుంది. మొదటిసారి వద్దు.

7, 8, 9 గురించి మా మాట సూటిగా చెబుతాం. 7 హుషారుగా సాగుతుంది గానీ 4 దారినే నడుస్తుంది. 8 మీద అభిమానులు ఇప్పటికీ రెండుగా చీలి ఉన్నారు, మాకు నచ్చింది. 9 చూడకపోయినా మీరు పోగొట్టుకునేది లేదు.

ఆ తర్వాత ఏం చూడాలి?

'రోగ్ వన్' (2016), 'ఆండోర్' (2022, 2025). రోగ్ వన్ కథ నాలుగో ఎపిసోడ్ మొదలయ్యే చోటికి తెచ్చి వదులుతుంది. ఆండోర్ రోగ్ వన్‌కు ముందు కథ, రెండు సీజన్లు, సీజన్‌కు 12 ఎపిసోడ్లు. ఇందులో జెడైలు లేరు, వాళ్లు తిప్పే వెలుగు కత్తులు (లైట్‌సేబర్లు) లేవు. మామూలు మనుషులు ఒక దుర్మార్గపు ప్రభుత్వం కింద ఎలా బతుకుతారు, ఎప్పుడు తిరగబడతారు అన్నదే కథ. మొదటి మూడు ఎపిసోడ్లూ ఒకేసారి కూర్చుని చూడండి. మొదటి ఎపిసోడ్ ఒక్కటే చూసి నెమ్మదిగా ఉందని వదిలేసేవాళ్లు ఎక్కువ, అసలు ఊపు మూడోదాంట్లో ఉంది.

స్టార్ ట్రెక్ ఎక్కడ మొదలుపెట్టాలి?

ఇక్కడే ఎక్కువమంది దెబ్బతింటారు, కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

మొదటి సినిమాతో (1979) మొదలుపెట్టొద్దు. ఓడ చుట్టూ కెమెరా తిరుగుతూనే ఉంటుంది, కథ కదలదు. 2009 సినిమాతో కూడా వద్దు. అది మంచి వినోదమే, కానీ దాని వేగం స్టార్ వార్స్ వేగం. ఆ రుచి మరిగాక సీరియల్‌కు వస్తే చప్పగా ఉంటుంది. తర్వాత వచ్చిన ట్రెక్ సీరియల్ 'నెక్స్ట్ జనరేషన్' (1987–1994) ఒకటో సీజన్ మొదటి ఎపిసోడ్ నుంచి వరసగా చూడటమూ ప్రమాదమే. ఆ సీజన్‌లో రాత ఇంకా కుదురుకోలేదు. మూడో సీజన్ నుంచి అది వేరే సీరియల్ అన్నంతగా మారుతుంది.

విడి ఎపిసోడ్లతో మొదలుపెట్టండి. ట్రెక్‌లో చాలా ఎపిసోడ్లు దేనికదే పూర్తి కథ కాబట్టి ఇబ్బంది లేదు.

1966 నాటి పాత సీరియల్ నుంచి 'బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్' (సీజన్ 1). రెండు ఓడలు, ఇద్దరు నాయకులు, ఒకరి ఎత్తుకు ఒకరు పైఎత్తు. ఇది పైకి కనిపించేది. శత్రువు మొహం తమ ఓడలోనే ఉన్న వేరే గ్రహపు అధికారి స్పాక్ మొహంలా ఉందని తెలియగానే, నిన్నటిదాకా పక్కన కూర్చున్నవాడు అతన్ని అనుమానంగా చూడటం మొదలుపెడతాడు. 1966లో టీవీలో ఈ మాట చెప్పారు.

నెక్స్ట్ జనరేషన్ నుంచి 'ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' (సీజన్ 2, ఎపిసోడ్ 9). డేటా అనే యంత్రమనిషి ఓడలో అధికారి. అతన్ని విప్పదీసి చదువుతానని ఒక శాస్త్రవేత్త వస్తాడు. డేటా రాజీనామా ఇస్తే, యంత్రం ఆస్తి కిందికి వస్తుంది, ఆస్తికి రాజీనామా హక్కెక్కడిది అంటారు. విచారణ పెడతారు. డేటాకు వ్యతిరేకంగా వాదించమని అతని స్నేహితుడు రైకర్‌నే నియమిస్తారు. మనసు పెట్టి వాదించకపోతే తీర్పు నేరుగా డేటాకు వ్యతిరేకంగానే వస్తుంది. రైకర్ రాత్రి ఒక్కడే కూర్చుని డేటా నిర్మాణపు వివరాలు వెతుకుతుంటాడు. ఒకచోట గెలిపించే ఆధారం దొరుకుతుంది, మొహం వెలిగిపోతుంది. తను కనిపెట్టింది ఏమిటో మరుక్షణం అర్థమై ఆ నవ్వు మెల్లగా చచ్చిపోతుంది. మాట ఒక్కటి లేదు. ఇది మీకు నచ్చకపోతే ట్రెక్ మీకు పడదని తేల్చుకోవచ్చు.

మూడోది 'డార్మాక్' (సీజన్ 5, ఎపిసోడ్ 2). టమేరియన్లు అనే జాతి వస్తుంది. అనువాద యంత్రం వాళ్ల పదాలన్నీ చెబుతుంది, అర్థం మాత్రం ఎవరికీ అందదు. ఎందుకంటే వాళ్లు ఏం చెప్పాలన్నా తమ పురాణంలోని మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు చెప్పి ఊరుకుంటారు. అమెరికా ప్రేక్షకులకు ఇది వింత. మనకు కాదు. భగీరథ ప్రయత్నం, కుంభకర్ణుడి నిద్ర, శల్యసారథ్యం, రావణకాష్ఠం అంటూ మనం రోజూ మాట్లాడేది అలాగే. కథ తెలియనివాడికి 'శల్యసారథ్యం' అంటే ఏం బోధపడుతుంది? అందుకే కెప్టెన్ పికార్డ్ తల బద్దలు కొట్టుకుంటున్నప్పుడు గుంటూరులో కూర్చున్న మనిషి రెండడుగులు ముందుంటాడు. ఈ ఎపిసోడ్ తెలుగువాళ్లు తప్పక చూడాలని మేం పట్టుబట్టి చెబుతాం.

ట్రెక్ సినిమాల్లో ఏది మంచిది?

'రాథ్ ఆఫ్ ఖాన్' (1982). దానికి ముందు పాత సీరియల్లోని 'స్పేస్ సీడ్' ఎపిసోడ్ చూడండి, ప్రతినాయకుడు ఖాన్‌కు ఎంటర్‌ప్రైజ్ కెప్టెన్ కర్క్ మీద అంత పగ ఎక్కడిదో అందులో ఉంది. సరి సంఖ్య సినిమాలు బాగుంటాయి, బేసివి బాగుండవని అభిమానుల్లో ఒక నమ్మిక. 2, 4, 6, 8 వరకు అది నిలబడింది, 10 దగ్గర చెడింది.

పిల్లలతో చూడొచ్చా?

స్టార్ వార్స్ 4, 5, 6 ఏడెనిమిదేళ్ల పిల్లలకు బాగా పట్టుకుంటాయి. ఎపిసోడ్ 3 మాత్రం ఆపండి. చివర్లో మనిషి కాలిపోయే దృశ్యం ఉంది, ఆ వరసలో అమెరికాలో పీజీ-13 (పదమూడేళ్లలోపు పిల్లల విషయంలో తల్లిదండ్రులు జాగ్రత్తపడాలనే) ముద్ర పడిన మొదటి సినిమా అదే. రాథ్ ఆఫ్ ఖాన్‌లో చెవిలోకి పురుగు దూరే దృశ్యం చిన్నపిల్లలకు నిద్ర పట్టనివ్వదు. నెక్స్ట్ జనరేషన్ ఒకటో సీజన్లో 'కాన్‌స్పిరసీ' అనే ఎపిసోడ్ చివర కూడా అంతే.

తాతయ్య, అమ్మమ్మలతో?

స్టార్ వార్స్ 4. ఎవరు మంచి, ఎవరు చెడ్డ అన్నది దుస్తులు చూసే తెలిసిపోతుంది, భాష అందకపోయినా కథ అందుతుంది. ట్రెక్‌లో సగం కథ మాటల్లో ఉంటుంది, పక్కన కూర్చుని చెప్పేవాళ్లు కావాలి.

తెలుగు ఆడియో ఉందా?

సినిమాకో తీరు. ప్లే నొక్కాక ఆడియో గుర్తు తెరిచి చూసుకోవాల్సిందే. స్టార్ వార్స్ మన దేశంలో జియోహాట్‌స్టార్‌లో ఉంటుంది. ట్రెక్ హక్కులు చేతులు మారుతుంటాయి కాబట్టి చందా కట్టేముందు యాప్‌లో పేరు వెతికి, ఏయే సీజన్లున్నాయో చూసి అప్పుడు కట్టండి. తెలుగు లేకపోతే ఇంగ్లిష్ ఆడియో, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు పెట్టుకోండి.

ట్రెక్‌లో ఇంజిన్ గురించి గడగడా చెప్పే సాంకేతిక పదాలు అర్థం కాలేదని కంగారుపడొద్దు. నెక్స్ట్ జనరేషన్ రచయితలు స్క్రిప్టులో ఆ చోట 'టెక్' అని మాత్రం రాసి వదిలేసేవారు, సలహాదారులు తర్వాత పదాలు నింపేవారు. అవి వినకపోయినా కథ ఎక్కడా తెగదు.

టీవీలో బొమ్మ తేడాగా వస్తోంది. నెట్ లోపమా?

చాలాసార్లు కాదు. మూడు సంగతులు చూసుకోండి.

పాత సీరియల్, నెక్స్ట్ జనరేషన్ రెండూ 4:3 కొలతలో తీసినవి. రెండువైపులా నల్లపట్టీలు రావాలి. తెర నిండాలని రిమోట్‌లో జూమ్ నొక్కితే తలలు తెగుతాయి, సాగదీస్తే మనుషులు లావెక్కుతారు. అలాగే వదిలేయండి.

ఆ తర్వాతి ట్రెక్ సీరియళ్లు 'డీప్ స్పేస్ నైన్', 'వాయేజర్' మసకగా ఉంటాయి. వాటిని ఫిల్మ్ మీదే తీసినా ఎడిటింగ్ వీడియో టేపు మీద చేశారు. నెక్స్ట్ జనరేషన్‌కు ఫిల్మ్ మళ్లీ బయటికి తీసి, మొదటి నుంచి కూర్చి హెచ్‌డీ చేశారు, ఈ రెండింటికీ చేయలేదు. 43 అంగుళాల టీవీ అయితే ఇంకో రెండు మూడు అడుగులు వెనక్కి జరిగి కూర్చుంటే కంటికి ఇబ్బంది తగ్గుతుంది.

మూడోది, సినిమా అంతా సీరియల్ షూటింగ్‌లా నున్నగా కదులుతుంటే టీవీ పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉన్నట్టు. కంపెనీని బట్టి పేరు మారుతుంది, 'మోషన్' అన్న మాట ఉన్నదాన్ని వెతికి ఆపేయండి. మాటలు చిన్నగా, పేలుళ్లు పెద్దగా వినిపిస్తుంటే ఆడియోను 5.1 నుంచి స్టీరియోకు మార్చండి.

మొబైల్ డేటాతో చూడొచ్చా?

హెచ్‌డీలో గంటకు 3 జీబీ దాకా పోతుంది. రోజుకు 2 జీబీ ప్యాక్ అయితే ఒక్క సినిమా సగంలో ఆగుతుంది. వైఫై ఉన్నచోట తక్కువ నాణ్యతలో డౌన్‌లోడ్ చేసుకుంటే గంటకు ఒక జీబీ లోపే సరిపోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోయినా చూసుకోవచ్చు.

ఎవరి ఓడ పెద్దది?

ప్రకాశం బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు. దాన్ని మనసులో పెట్టుకోండి. పాత ఎంటర్‌ప్రైజ్ 289 మీటర్లు, అంటే బ్యారేజీలో పావు వంతు లోపే. నెక్స్ట్ జనరేషన్ ఎంటర్‌ప్రైజ్ 642 మీటర్లు, సగం దాటుతుంది, అందులో వెయ్యిమంది పైగా కుటుంబాలతో సహా ఉంటారు. స్టార్ వార్స్‌లో సామ్రాజ్యపు యుద్ధనౌక ఇంపీరియల్ స్టార్ డిస్ట్రాయర్ 1,600 మీటర్లు. విజయవాడ ఒడ్డు మీదా, సీతానగరం ఒడ్డు మీదా కూడా పొడుచుకొస్తుంది. సామ్రాజ్యం కట్టిన గుండ్రటి యుద్ధకేంద్రం, మొదటి డెత్ స్టార్, అడ్డుకొలత 160 కిలోమీటర్లు, దాదాపు విజయవాడ నుంచి రాజమండ్రి.

రెండూ కొట్టుకుంటే ఎవరు గెలుస్తారు?

పరిమాణంలో, సంఖ్యలో సామ్రాజ్యానిదే పైచేయి. అయితే పికార్డ్ మొదటి తూటా పేల్చకముందే మాటలు కలుపుతాడు. ఈ ప్రశ్న మీద గంటలు గడిపేకంటే ఆ సమయంలో రెండు ఎపిసోడ్లు చూడొచ్చు.

సైన్స్ ఎందులో సరిగ్గా ఉంది?

స్టార్ వార్స్ ఆ పట్టింపు పెట్టుకోలేదు. శూన్యంలో శబ్దాలు వినిపిస్తాయి. పన్నెండు పార్సెక్‌లలోపు దూసుకెళ్లానని ఓడ నడిపే హాన్ సోలో వేగం గురించి గొప్ప చెప్పుకుంటాడు, పార్సెక్ దూరానికి కొలత, 3.26 కాంతి సంవత్సరాలు. ట్రెక్ కనీసం లెక్క పెట్టుకుంటుంది. పాత సీరియల్ పద్ధతిలో వార్ప్ (ఓడ వేగానికి కొలత) సంఖ్యను ఘనం చేస్తే కాంతి వేగానికి ఎన్ని రెట్లో వస్తుంది. వార్ప్ 6 అంటే 216 రెట్లు. 4.2 కాంతి సంవత్సరాల దూరంలోని అతి దగ్గరి నక్షత్రానికి వారం పడుతుంది. 1994లో మిగెల్ అల్కుబియెరె అనే భౌతికశాస్త్రవేత్త ఓడ ముందున్న స్థలాన్ని ముడుచుకునేలా, వెనకది సాగేలా చేస్తే ఇది సాధ్యమవుతుందా అని సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం లెక్క కట్టాడు. రుణశక్తి (నెగటివ్ ఎనర్జీ) కావాల్సి రావడం దగ్గర అది ఆగింది.

మనుషుల్ని మాయం చేసి కిందికి దింపే ట్రాన్స్‌పోర్టర్ మాత్రం సైన్స్ కోసం పెట్టింది కాదు. ప్రతివారం ఓడ నేలమీద దిగడం చూపించాలంటే ఖర్చు ఎక్కువని పెట్టారు.

ఒకటి నచ్చితే రెండోదాన్ని తిట్టాలా?

అవసరం లేదు, అవి ఒకదాన్నొకటి బతికించుకున్నాయి. 1977లో స్టార్ వార్స్ గెలిచాకే, టీవీ కోసం అనుకున్న కొత్త ట్రెక్‌ను పారామౌంట్ స్టూడియో సినిమాగా మార్చింది. రాథ్ ఆఫ్ ఖాన్‌లో ఒక గ్రహం నిప్పులోంచి పచ్చగా మారే దృశ్యాన్ని పూర్తిగా కంప్యూటర్ మీద చేసింది లూకస్ సంస్థ లూకస్‌ఫిల్మ్‌లోని కంప్యూటర్ విభాగమే. జె.జె. అబ్రమ్స్ ట్రెక్ (2009, 2013) తీశాడు, స్టార్ వార్స్ 7, 9 కూడా తీశాడు.

థియేటర్ల మధ్య పెరిగిన విజయవాడ వాళ్లకు నచ్చే సంగతి ఇంకొకటుంది. లైట్‌సేబర్ గూయ్‌మనే చప్పుడుకు మూలం సినిమా ప్రొజెక్టర్ మోటారు. సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ దానికి టీవీ నుంచి వచ్చే రొదను కలిపి ఆ శబ్దం తయారుచేశాడు.

వీటిలో మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?

1979 ట్రెక్ సినిమాలో గుండు చేయించుకుని ఐలియాగా నటించిన పెర్సిస్ ఖంబాటా 1965 మిస్ ఇండియా. ఖాన్ పూర్తి పేరు ఖాన్ నూనియన్ సింగ్, ఉత్తర భారతంవాడని కథలోనే అంటారు, వేసింది మాత్రం మెక్సికోలో పుట్టిన రికార్డో మాంటల్‌బాన్.

'కల్కి 2898 ఏడీ' నచ్చింది. ఏది దగ్గర?

స్టార్ వార్స్. 1991 నాటి 'ఆదిత్య 369'లో కాలంలోకి వెళ్లడం నచ్చినవాళ్లయితే, ట్రెక్ పాత సీరియల్లో 'ది సిటీ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ ఫరెవర్' ముందు చూడండి. 1930ల న్యూయార్క్‌కు వెళ్లిన కర్క్ ముందు ఏ మనిషీ కోరుకోని ఎంపిక ఒకటి నిలబడుతుంది.

నాకేది సరిపోతుందో తేల్చుకోవడమెలా?

రెండు శనాదివారాలు పెట్టుకోండి. మొదటివారం శనివారం ఎపిసోడ్ 4, ఆదివారం ఎపిసోడ్ 5. రెండూ కలిపి నాలుగు గంటలు. రెండోవారం శనివారం పైన చెప్పిన మూడు ట్రెక్ ఎపిసోడ్లు, ఆదివారం 'స్పేస్ సీడ్', దాని వెంటే రాథ్ ఆఫ్ ఖాన్. మొత్తం అయిదు గంటలు. ఫోన్ పక్కన పెట్టండి, ముఖ్యంగా ట్రెక్‌కు. సోమవారం కాలేజీకో ఆఫీసుకో వెళ్తుంటే దేని గురించి ఆలోచిస్తున్నారో గమనించండి. పాత్రలు గుర్తొస్తుంటే స్టార్ వార్స్ మనిషి మీరు. వాళ్లు చేసింది తప్పా ఒప్పా అని లోపల వాదించుకుంటుంటే ట్రెక్.

ఇంతకీ మీ ఓటు దేనికి?

స్టార్ ట్రెక్‌కు. రెండింటినీ కలిపి ఒకే ఒక్క సినిమా ఎంచమంటే 1980 నాటి 'ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' పేరే చెబుతాం, అందులో తడబాటు లేదు. కానీ ఏళ్ల తరబడి వెంట ఉండేది ట్రెక్కే. స్టార్ వార్స్‌లో లోకాన్ని నిలబెట్టడానికి ఒక కుటుంబంలో పుట్టినవాడు రావాలి, ఆండోర్ ఒక్కటే ఆ గీత బలంగా దాటింది. ట్రెక్‌లో ఓడలో ఉన్న డాక్టరూ, ఇంజినీరూ, నిన్న చేరిన కుర్రాడూ తమకు తెలిసింది చెబుతారు, కెప్టెన్ వింటాడు. 'డీప్ స్పేస్ నైన్'లో యుద్ధం వచ్చి ఆ ఆదర్శమే పరీక్షకు నిలబడుతుంది. అక్కడిదాకా వచ్చినవాళ్లు ఒకటో సీజన్లోని 'డ్యూయెట్' ఎపిసోడ్ తప్పక చూడండి. ఒక గది, ఒక ఖైదీ, అతన్ని ప్రశ్నించే ఒక అధికారిణి. ఖర్చు లేకుండా తీసిన ఆ ఎపిసోడ్ అయ్యేసరికి, మీరు ముందు ఎవరిని శిక్షించాలనుకున్నారో వాళ్ల గురించే మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది.